బీపీ పరీక్షకు ముప్పై ఏళ్లు నిండాలా?

సంపాదకులకు,

అయ్యా,

యువతలో పెరుగుతున్న రక్తపోటు గురించి పత్రికల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. ఉప్పు తగ్గించి రోజూ నడవమనే సలహా ప్రతిదాని చివరా ఉంటుంది. సలహాలో తప్పు లేదు గాని, తనకు బీపీ ఉన్న సంగతే తెలియని పాతికేళ్ల యువకుడు అది తన కోసమని ఎందుకు అనుకుంటాడు? రక్తపోటు చాలామందిలో ఏ బాధా పెట్టకుండానే పెరుగుతుంది. ప్రభుత్వం ఆరోగ్య ఉపకేంద్రాల దాకా తీసుకువెళ్లిన అసాంక్రామిక వ్యాధుల (రక్తపోటు, మధుమేహం వంటి అంటుకోని జబ్బుల) పరీక్షలేమో ముప్పై ఏళ్లు దాటినవారి కోసమే ఉద్దేశించినవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు, ఆపైబడినవారిని పరీక్షించగా దేశంలో పురుషుల్లో సుమారు 24 శాతం, స్త్రీలలో 21 శాతం మంది అధిక రక్తపోటు ఉన్నవారో, దానికి మందులు వాడుతున్నవారో అని తేలింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ శాతం దేశ సగటును మించే ఉంది. కాబట్టి పరీక్ష వయసును 18 ఏళ్లకు తగ్గించాలని, డిగ్రీ కళాశాలల్లో చేరేటప్పుడే బీపీ చూడాలని ప్రభుత్వాలను కోరుతున్నాను. ఒక్కసారి చూసి నిర్ధారించకుండా, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వేర్వేరు రోజుల్లో మళ్లీ చూడాలి. చిన్న వయసులో 140/90 దాటుతూ ఉంటే మూత్రపిండాల జబ్బు వంటి కారణాలను కూడా వైద్యులు పరిశీలించవలసి ఉంటుంది.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడిని గనుక వ్యాయామం గురించి కొంత వివరంగా చెబుతాను. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవడమో, సైకిలు తొక్కడమో, ఈదడమో చేస్తే రక్తపోటు ఉన్నవారిలో పై అంకె సాధారణంగా 5 నుంచి 8 దాకా తగ్గుతుంది. అధిక బరువు ఉన్నవారు తగ్గించుకునే ప్రతి కిలోకూ ఆ అంకె సుమారు మరో ఒకటి తగ్గుతుంది. మానేస్తే కొన్ని వారాల్లోనే ఈ లాభం పోతుంది. నేటి కుర్రకారు నడకను పెద్దల పనిగా చూసి జిమ్ వైపు మొగ్గుతున్నారు. బరువులు ఎత్తడం చెడ్డదేమీ కాదు, వారానికి రెండు రోజులు అవసరం కూడా. అయితే ఊపిరి బిగబట్టి శక్తికి మించి ఎత్తినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. కసరత్తుకు ముందు తాగే కెఫీన్ పొడులు, కండల కోసం వాడే స్టెరాయిడ్లు దాన్ని ఇంకా పెంచుతాయి. బీపీ 180/110 స్థాయిలో ఉన్నవారు వైద్యుణ్ణి కలిసిన తర్వాతే కసరత్తు మొదలుపెట్టాలి, మొదలుపెట్టామని మాత్రలు సొంతంగా మానకూడదు.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు. ఆవకాయ మానమని తెలుగువారికి చెప్పే సాహసం చేయను. కానీ ఆవకాయతో తిన్న పూటే అప్పడమూ ఊరమిరపకాయా నంజుకుని, పెరుగన్నంలో మళ్లీ ఉప్పు కలుపుకుంటే ఆ చెంచా అక్కడే దాటిపోతుంది. అర్ధరాత్రి బిర్యానీ, సిగరెట్టు, మద్యం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారు నిద్రను, గట్టిగా గురక పెట్టేవారు ఆ గురకను వైద్యుని దృష్టికి తేవాలి.

ఇవన్నీ చేయమనేముందు చేసే చోటు చూపాలి. పదో తరగతి దాటగానే మన పిల్లలకు ఆట ఆగిపోతోంది. అపార్టుమెంట్ల వంటి భవనాల్లో నడిచే ఇంటర్ కళాశాలల్లో మైదానం ఉండదు, రాత్రి దాకా స్టడీ అవర్లు తప్పవు. అలా రెండేళ్లు కుర్చీకి అలవాటుపడిన శరీరం ఆ తర్వాత ఆఫీసు కుర్చీలోకి మారుతుంది. మైదానం లేని కళాశాలలకు గుర్తింపు కొనసాగించేటప్పుడు అధికారులు నిబంధనలను నిజంగా అమలుచేయాలి. ప్రభుత్వ పాఠశాలల మైదానాలను తెల్లవారుజామున, సాయంత్రం బడి వేళలు ముగిశాక స్థానిక యువతకు దీపాలు, మంచినీటి వసతితో తెరవాలి. రెండు రాష్ట్రాల విద్యా, వైద్య శాఖలు కలిసి వచ్చే విద్యాసంవత్సరం నుంచే దీన్ని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఖమ్మం