సీసా చప్పుడు

డర్బన్, ఆదివారం రాత్రి

ప్రియమైన రవీ,

జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకురా. నా తిండి గురించి దిగులు పెట్టుకోవద్దు. చెరకు తోటల పనికి వచ్చిన మనవాళ్ల మునిమనవలు ఇక్కడ చాలామంది ఉన్నారు, 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మొన్న ఒక పెద్దావిడ పులిహోర పంపింది.

ఇక్కడి అమ్మాయిలకు హెచ్‌ఐవీ సోకుతున్న సంగతికి, "అక్కడి ఆడపిల్లలు కాస్త జాగ్రత్తగా ఉండరా?" అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే వారం రోజులుగా ఆగిపోయాను. వచ్చిన కొత్తలో నేనూ అదే అనుకున్నాను మరి.

గురువారం ఒక పందొమ్మిదేళ్ల అమ్మాయి నేను పనిచేసే క్లినిక్‌కు వచ్చింది. ఆమెకు హెచ్‌ఐవీ లేదు, రాకుండా రోజుకొక మాత్ర వేసుకుంటోంది. సీసా మూత తీసి చూస్తే లోపలంతా దూది. ఎందుకమ్మా అంటే, సంచీలో మాత్రలు గలగలలాడితే టాక్సీలో పక్కవాళ్లు తల తిప్పి చూస్తారట. ఆమె ప్రియుడి కంటబడితే, "నామీద అనుమానమా, లేక నువ్వే తిరుగుతున్నావా?" అంటాడట. వేసుకుంటే నింద, మానేస్తే జబ్బు. ఇందులో జాగ్రత్త ఎటువైపు ఉందో నువ్వే చెప్పు.

దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,029 మంది స్త్రీలతో ఈ మాత్రలనూ, ఒక జెల్‌నూ పరీక్షించారు. వాడుతున్నామనే చాలామంది చెప్పారు. రక్తం చూస్తే మూడోవంతు నమూనాల్లో కూడా మందు లేదు. ఆ స్త్రీల వివరాలనుంచే ముప్పును అంచనా వేసే పట్టిక ఒకటి తయారైంది. అందులో ముప్పు గుర్తులు ఇవి: వయసు 25 లోపు, ప్రియుడితో ఒకే ఇంట్లో కాపురం లేకపోవడం, అతనినుంచి డబ్బు సాయం అందకపోవడం, అతనికి వేరే సంబంధాలు, మద్యం, సుఖవ్యాధి, హెర్పిస్ అనే పుండ్ల జబ్బు. హెర్పిస్ పుండు దగ్గర హెచ్‌ఐవీకి కావలసిన కణాలే గుమిగూడతాయి కాబట్టి దానికి తలుపు తెరిచినట్టే. మిగతావాటిలో ఎన్ని ఆ పిల్ల చేతిలో ఉన్నాయిరా? "అతనికి ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగితే, "అది అతన్ని అడగాలి కదా" అంది. పట్టికలో ఆ గడి ఖాళీగానే వదిలేశాను.

డర్బన్ ఉన్న ఈ క్వాజులు-నాటాల్ రాష్ట్రంలోనే, ఎవరినుంచి ఎవరికి సోకుతోందో తెలుసుకోవడానికి వైరస్ జన్యువులను పోల్చి చూశారు, 2017లో అచ్చయింది. పాతికేళ్లలోపు అమ్మాయిలకు వైరస్‌తో ముడిపడిన మగవాళ్లు సగటున 8.7 ఏళ్లు పెద్దవాళ్లు. కండోమ్ సంగతి ఎత్తే చొరవ అంత పెద్దవాడి దగ్గర ఆ పిల్లకు ఎలా వస్తుంది?

నీ మాటకు అసలు జవాబు ఇంకొకటి ఉంది. గర్భనిరోధక ఇంజెక్షన్ వల్ల ముప్పు పెరుగుతుందేమోనని నాలుగు దేశాల్లో 7,829 మంది స్త్రీలను గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. పోల్చిన మూడు గర్భనిరోధక పద్ధతుల మధ్య పెద్ద తేడా కనిపించలేదు. కండోములు ఇచ్చారు, సలహాలు చెప్పారు, సుఖవ్యాధులకు మందులిచ్చారు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏడాదికి నూటికి దాదాపు నలుగురికి హెచ్‌ఐవీ సోకింది! ఆ అంకె చదివి చాలాసేపు కదలలేకపోయాను.

ఒక్కటి మాత్రం ఆనందంగా రాస్తున్నాను. హెచ్‌ఐవీ రాకుండా ఆరునెలలకోసారి పొట్ట చర్మం కింద ఇచ్చే లెనకాపవిర్ అనే మందు ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ సోకలేదని 2024లో తేలింది. సీసా లేదు, చప్పుడు లేదు.

ఆ అమ్మాయికి ఈ సంగతి చెబితే, "మా ఊరికి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. వెళ్లేముందు కొత్త సీసాకు కాస్త దూది కావాలంది. చుట్ట మొత్తం ఇచ్చేశాను.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
మురళి