రాత్రి డ్యూటీ ఆయమ్మకు దండాలు

పాప పుట్టింది. 2 కిలోల 150 గ్రాములు. ఇద్దరం బాగున్నాం. నిద్రలేక కళ్ళు మండుతున్నాయి, అయినా ఇది ఇవ్వాళే రాయాలి.

33వ వారం స్కానింగ్‌లో ఉమ్మనీరు 4 సెంటీమీటర్లే ఉందన్నారు. 5 కన్నా తగ్గితే తక్కువని లెక్క. మా దగ్గరి ఆస్పత్రిలో స్కానింగ్ మిషన్ ఉంది, చేసే డాక్టరే లేరు. బయట డబ్బు కట్టి చేయించుకుంటే, అక్కడ ‘ఇవ్వాళే ఆపరేషన్’ అని గుండె ఆపేశారు. చివరికి పెద్దాస్పత్రిలో చేరాం. ఉమ్మనీరు కారిపోవట్లేదని తేల్చి, మాయ నుంచి రక్తం అందుతోందో లేదో డాప్లర్‌లో చూశారు. బిడ్డ ఊపిరితిత్తులకని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఎడమవైపు పడుకో, నీళ్ళు బాగా తాగు, కదలికలు లెక్కపెట్టుకో అన్నారు.

ఆ రాత్రి ఎన్ఎస్టీ, అంటే పొట్టకు బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు చూసే పరీక్ష, పెట్టారు. బెల్టు ఎలాస్టిక్ సాగిపోయి, గుండె చప్పుడు వస్తూ పోతూ ఉంది. సిస్టర్‌ను లేబర్ రూమ్‌కు పిలిచారు. చప్పుడు పూర్తిగా ఆగిపోయేసరికి నాకు చెమటలు పట్టాయి. నేల తుడుస్తున్న ఆయమ్మ కర్ర గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని, బెల్టు కింద చప్పుడు పట్టే బిళ్ళను మెల్లగా జరిపింది. “ఇగో దొరికింది. ఉరుకుతున్నది నీ బిడ్డ” అంది. కాగితం వచ్చేదాకా, ఇరవై నిమిషాలు, ఒక చెయ్యి నడుముకు పెట్టుకుని వంగే నిలబడింది. ఇంట్లోవాళ్ళ ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చి నా నీళ్ళ సీసా ఎత్తి చూసేది. “గింతేనా తాగినవ్?” అని గదమాయించేది.

తర్వాతి స్కానింగ్‌లో ఉమ్మనీరు 6 దాటింది. 37 వారాలు నిండాక నొప్పులు తెప్పించి కాన్పు చేశారు.

ఆయమ్మ తన పేరు రాయొద్దంది, మిషన్ ముట్టుకున్నావని సూపర్వైజర్ తిడతాడట. కాంట్రాక్టు జీతం నెలల తరబడి రాకపోతే మాత్రం అడిగే నాథుడు లేడు!

అమ్మ, అత్తమ్మ, మా ఆయన... వాళ్ళకు వేరే చెప్పాలా.

అన్నట్టు, 102 బండి డ్రైవరన్న, అర్ధరాత్రి రిపోర్టు తెచ్చిచ్చిన ల్యాబ్ తమ్ముడు, మా ఆశా అక్క, మీకూ దండాలు. పక్క బెడ్ అక్కా, నీ జొన్నరొట్టెలు మర్చిపోలేదు. శుక్రవారం స్కానింగ్‌లో నీకు ఎంత వచ్చిందో ఫోన్ చేసి చెప్పు.