బాబు ఇంటికొచ్చాడు: బడికి, గుడికి, గేటు దగ్గరి తాతగారికి

నిన్న సాయంత్రం బాబు డిశ్చార్జి అయ్యాడు. కాలికి ఇంకా కట్టు ఉంది, మాత్రలు చాలా రోజులు వాడాలి. కానీ ఇంట్లో ఉన్నాడు, పక్క గదిలో నిద్రపోతున్నాడు. దేవునికి స్తోత్రం. నాకు సరైన నిద్ర లేదు, ఏది ముందు రాస్తానో ఏది వెనక రాస్తానో తెలీదు. అయినా ఈ కృతజ్ఞతలు ఇవాళే రాయాలి. రేపు పనుల్లో పడితే ఈ మాటలు ఇలా రావు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా బాబు ఐదో తరగతి, పాప మూడో తరగతి. ఇద్దరూ గుడి పక్కనున్న కథోలిక ప్రాథమిక పాఠశాలలో చదువుతున్నారు. మేం ఈ విచారణకి, అంటే ఈ చర్చి పరిధికి కొత్త, ఆదివారం పూజ అయ్యాక పలకరించేవాళ్లు కూడా తక్కువే. తపస్సుకాలం (ఈస్టరుకి ముందు నలభై రోజులు) మొదలైన వారంలోనే బాబుకి జ్వరం, మోకాలి కింద నొప్పి మొదలయ్యాయి. ఎముక లోపల ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఆపరేషన్ చేసి చీము తీశారు. ఆ తర్వాత వారాల తరబడి నరంలోకి యాంటీబయాటిక్స్. పాస్కా (ఈస్టరు) పండుగ వార్డులోనే గడిచింది.

మా ఆయన, అత్తగారు, అన్నయ్య, వదిన రాత్రీ పగలూ తిరిగారు. మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది ఒక పెద్దాయన గురించి. పేరు రాయొద్దన్నారు, రాయను. ఒకటో తరగతిలో ఒక పాపకి తాతగారు. బడి విడిచే వేళకి చాలా ముందే వచ్చి, గేటు లోపల బల్ల మీద కూర్చుని జపమాల చెప్పుకుంటూ ఉంటారు. పిల్లలంతా జపమాల తాతయ్య అంటారు. బాబుకి ఒంట్లో బాగోక ముందు నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఎరగను.

మేం ఆస్పత్రిలో ఉండిపోవడంతో పాపని తీసుకెళ్లడానికి ఇంటినుంచి ఎవరైనా వచ్చేసరికి బాగా ఆలస్యమయ్యేది. రాసిచ్చిన పెద్దవాళ్లకి తప్ప పిల్లల్ని ఎవరికీ అప్పగించరు. మంచి నియమమే. ఆయన ఆ నియమాన్ని పక్కన పెట్టమని అడగలేదు. మనవరాలిని ఇంట్లో దింపి, మళ్లీ వచ్చి, ఆఫీసులో ఉన్న సిస్టర్‌గారికి కనబడేలా అదే బల్ల మీద మా పాప పక్కన కూర్చునేవారు. మావాళ్లు వచ్చి చెయ్యి పట్టుకున్నాకే లేచేవారు. ఆయన్ని ఎవరూ పురమాయించలేదు.

కొన్నాళ్లకి వార్డు బయట, విజిటర్ల టైం అయిపోవస్తుండగా, ఒక నోటుబుక్కు పట్టుకుని వచ్చారు. "మీరు పెద్దవాడి దగ్గర ఉండండమ్మా. చిన్నదాని రోజులు మీకు పోకూడదని రాస్తున్నాను" అన్నారు. నా చేతిలో పెట్టి, బాబుని తలుపు దగ్గర్నుంచే చూసి, సిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయారు.

తెరిచి చూశాను. ప్రతి పేజీకి పైన చిన్న సిలువ, పక్కన తేదీ. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

"ఈరోజు పై పన్ను ఊడింది. రక్తం చూసి భయపడలేదు. కాగితంలో చుట్టి అమ్మ కోసం దాచింది."

"ఏడో ఎక్కం తప్పు లేకుండా చెప్పింది. ఎనిమిదోది రేపు చెబుతానంది."

"అన్నయ్య చచ్చిపోతాడా అని అడిగింది. నాకు తెలీదు తల్లీ, డాక్టర్లు బాగా చూస్తున్నారు, మనం ప్రార్థన చేద్దాం అన్నాను. కాసేపు నా చెయ్యి పట్టుకుంది. తర్వాత లేచి ఆడుకుంది."

ఆ పేజీ దగ్గర నావల్ల కాలేదు. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఆ ప్రశ్న నా పాప నన్ను అడగలేదు, వాళ్ల నాన్నని అడగలేదు. ఎనిమిదేళ్ల పిల్ల అంత మాట లోపల పెట్టుకుని రోజూ బడికి వెళ్లి వస్తోంది. ఆ మాట బయటికి రావడానికి ఒక మనిషి పక్కన తీరిగ్గా కూర్చోవాల్సి వచ్చింది. ఆయన దానికి అబద్ధం చెప్పలేదు, భయమూ పెట్టలేదు. నాకు సాయం చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పోగొట్టుకుంటున్నది ఏమిటో కనిపెట్టింది మాత్రం ఆయనొక్కరే.

పాప ఈ ఏడాది ప్రథమ దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి, అంటే పూజలో యేసు శరీరమని నమ్మి తీసుకునే రొట్టె, మొదటిసారి. జపాలు కూడా ఆ బల్ల మీదే వచ్చాయి. 1910లో పునీత పదో పయస్ పోపుగారు పిల్లల్ని పెద్దయ్యేదాకా ఆపొద్దని, ఏడేళ్ల ప్రాయంలో మామూలు రొట్టెకీ దివ్యసత్ప్రసాదానికీ తేడా తెలిస్తే చాలని ఆజ్ఞ ఇచ్చారు. తాతగారు ఆ ప్రశ్నే పాపని అడిగి, జవాబు నోటుబుక్కులో రాశారు: "చూడ్డానికి రొట్టె, కానీ యేసు ప్రభువు." ఫాదర్‌గారు అది చదివి, ఇంక వేరే పరీక్ష అక్కర్లేదన్నారు.

బడి గురించి. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌గారు ముందు నాకు ఫోన్ చేసి, "బాబు పేరు అసెంబ్లీలో చెప్పవచ్చా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకి ఆవిడకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఎందుకో కింద రాస్తాను. ఐదు తరగతులూ జపమాలలో ఐదు పదుల్ని, అంటే మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం పదేసిసార్లు వచ్చే ఐదు భాగాల్ని పంచుకున్నాయి, రోజూ ఒక్కో తరగతి ఒక్కో పది. ఒకటో తరగతి పిల్లలకి మంగళవార్త జపం పూర్తిగా రాకపోయినా వాళ్ల పది వాళ్లదే. ఇది కొత్త పద్ధతేం కాదట. 1826లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పౌలిన్ జరికో అనే ఆవిడ సజీవ జపమాల మొదలుపెట్టారు. అప్పటి జపమాలలో పదిహేను పదులు కాబట్టి పదిహేనుమంది ఒక గుంపు, తలా ఒక పది. 2022లో తిరుసభ ఆవిణ్ణి ధన్యురాలిగా ప్రకటించింది. నర్సమ్మ ఇంజెక్షన్‌కి వచ్చినప్పుడల్లా బాబు గోడ గడియారం చూసి, "ఇప్పుడు మూడో తరగతివాళ్లు చెబుతుంటారమ్మా" అనేవాడు. చెల్లెలి తరగతి కదా.

డబ్బు సంగతి కూడా దాచను. తపస్సుకాలంలో ప్రతి తరగతిలో హోలీ చైల్డ్‌హుడ్ డబ్బా పెడతారు. 1843లో ఫ్రాన్స్‌లోని నాన్సీ పీఠాధిపతి (బిషప్) ఫోర్బాఁ జాన్సన్ మొదలుపెట్టిన సభ అది. రోజుకి ఒక మంగళవార్త జపం, నెలకి ఒక చిన్న నాణెం, పిల్లలు పిల్లల కోసం. నాలుగో తరగతివాళ్లు ఆ డబ్బా మా బాబుకి ఇచ్చేద్దామన్నారట. సిస్టర్ వద్దన్నారు. అది మనకి కనబడని పిల్లలది, ముట్టుకోకూడదు అన్నారు. అప్పుడు వాళ్లే ఇంకో డబ్బా తెచ్చి పక్కన పెట్టారు. కవరు మీద ఎవరెంత ఇచ్చారో రాయలేదు. నాకు అదే నచ్చింది.

ఆపరేషన్‌కి ముందురోజు ఫాదర్‌గారు తైలంతో వచ్చారు. అవస్థ అభ్యంగనం అనగానే మా బంధువులు గొల్లుమన్నారు, పిల్లాడి పని అయిపోయిందని. ఆయన అందరినీ కూర్చోబెట్టి, ఇది చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి మాత్రమే కాదు, పెద్ద జబ్బు చేసినవాళ్లకి, పెద్ద ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి బలం కోసం ఇచ్చేది అని ఓపిగ్గా చెప్పారు. నుదుటి మీద, అరచేతుల్లో తైలం పూస్తుంటే బాబు చక్కిలిగింతలని నవ్వాడు. ఆ వారంలో వాడు నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు మింగుడుపడని విషయం. ఆస్పత్రి బిల్లు కోసం ఒక సహాయనిధి ఆఫీసుకి దరఖాస్తు పెట్టాం. పేరు రాయను. ఆదాయ పత్రం, జ్ఞానస్నాన పత్రం, ఫాదర్‌గారి ఉత్తరం, అన్నీ ఇచ్చాం. ఆఖర్న బాబు మంచం మీద ఉన్న ఫొటో కావాలన్నారు, వాళ్ల పత్రికలో వేయడానికి. ఇవ్వనన్నాను. ఫైలు కదల్లేదు. దాతలకి లెక్క చెప్పాలి, నిజమే. కాగితాలు చూడండి, ఆస్పత్రికి ఫోన్ చేయండి, ఇంటికొచ్చి చూడండి. పదేళ్ల పిల్లాడి మొహం ఎందుకు? సిస్టర్‌గారు పేరు చెప్పడానికే ముందు నన్ను అడిగారు. రేపు వాడు పెద్దయ్యాక ఆ ఫొటో ఎవరి చేతిలో ఉంటుంది? తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఏటా చదివే సువార్త మత్తయి ఆరో అధ్యాయమే, దానం చేసేటప్పుడు బాకా ఊదొద్దని, కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియొద్దని. బడిలో పిల్లలకి అర్థమైంది ఆ ఆఫీసులో ఎందుకు అర్థం కాలేదో నాకు తెలీదు. బయటినుంచి అడుక్కున్నట్టు కాక, హక్కుగా అడిగేలా ఈ పద్ధతి మారాలి.

కానీ మా విచారణలోని విన్సెంట్ డి పాల్ సభవాళ్లు ఇద్దరొచ్చారు. ఎప్పుడూ ఇద్దరిద్దరే వస్తారట, 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజానాం అనే కుర్రాడు స్నేహితులతో మొదలుపెట్టినప్పటినుంచీ బీదల ఇళ్లకి వెళ్లి చూడ్డమే వాళ్ల పని. పావుగంట కూర్చున్నారు, బాబుతో చదరంగం గురించి మాట్లాడారు, మందుల చీటీ తీసుకున్నారు. మందులు వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. మీ పేర్లు కూడా నేను చెప్పను, మీ పద్ధతి అది కాబట్టి.

తాతగారూ, నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. మీరు తిరిగి అడగలేదు, అడిగినా ఇవ్వను. పాప ఎనిమిదో ఎక్కం కూడా చెప్పేసింది, నాకు. బాబు నడవడం మొదలుపెట్టగానే ఇద్దర్నీ తీసుకుని మీ బల్ల దగ్గరికి వస్తాను.

అయ్యో, ఇంకా ఉన్నారు. రక్తం ఇచ్చిన యువత సంఘం పిల్లలు. ప్రతి వారం హోంవర్కు రాసి పంపిన ఐదో తరగతి టీచర్‌గారు, ఒక్క పాఠం వదల్లేదు. రాత్రిళ్లు నాకు తన కుర్చీ ఇచ్చేసి నిలబడిన నర్సమ్మ. వార్డు ఊడ్చే అక్క, బాబుతో రోజూ మాట్లాడింది. గుడిలో పూజ ప్రార్థనల్లో బాబు పేరు చదివించిన ఉపదేశిగారు. బడి వాచ్‌మన్ అన్న, ఆలస్యమైన రోజున గేటు మూయకుండా ఉన్నందుకు.

పోస్టు పెట్టాక గుర్తొచ్చింది: ల్యాబ్ దగ్గర నా చేతిలో చీటీ తీసుకుని నా బదులు క్యూలో నిలబడినాయన, మా బడి బ్యాగు చూసి "మావాడూ అక్కడే" అన్నారు. పేరు అడగలేకపోయాను. ఇది చూస్తే ఒక్క మాట రాయండి.