కల్వర్టు లోపల ఎవరిది? సభ్యులకు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన కాలనీలు రెండు నగరాల సరిహద్దు మీద ఉన్నాయి. ఎవరు ఏ సేవ చేయాలో కాగితం మీద తేలేలా చూడమని గత సర్వసభ్య సమావేశం కార్యవర్గానికి చెప్పింది. ఏడాది ముగిసేసరికి కాలువ వ్యవహారం ఒక కొలిక్కి వచ్చింది. అగ్నిమాపక ఏర్పాటు దాదాపు కుదిరింది. చెత్త సంగతి సగంలో ఆగింది. హద్దుల సవరణ మాత్రం మొదలుపెట్టిన చోటే ఉంది. నివేదికలో కాలువకు ఎక్కువ చోటు ఇచ్చాం. మా సమయం ఎక్కువగా దానికే ఖర్చయింది, మిగతా పనులు ఎలా నడపాలో తెలిసింది కూడా అక్కడే.

కాలువ

కొత్తగా చేరినవారి కోసం కొంత వివరం. సరిహద్దు గీత మన ప్రధాన రహదారి నడిమధ్య నుంచి వెళుతుంది. రోడ్డుకు మెరక వైపు ఉన్నదాన్ని ఎగువ నగరమని, పల్లం వైపు ఉన్నదాన్ని దిగువ నగరమని ఇక్కడ రాస్తున్నాం. వాననీటి కాలువ ఎగువ నగరంలో మొదలై, రోడ్డు కింది కల్వర్టులో దూరి, దిగువ నగరం మీదుగా పోయి చెరువులో కలుస్తుంది.

వానలకు ముందు ఎగువ నగరం సిబ్బంది పూడిక తీసుకుంటూ వచ్చి, కల్వర్టు నోటి దగ్గర పారలు సర్దుకుని వెళ్లిపోతారు. వారి పరిధి అక్కడితో సరి. దిగువ నగరం సిబ్బంది కల్వర్టు అవతలి నోటి దగ్గర పని మొదలుపెడతారు. రోడ్డు వెడల్పు మేర కల్వర్టు లోపలి భాగాన్ని తాకిన నాథుడు లేడు. మన కార్యవర్గ సభ్యులు టార్చిలైటుతో లోపలికి చూస్తే పూడికకూ పైకప్పుకూ మధ్య జానెడు ఖాళీ మిగిలి ఉంది. బురదలో ఒక పాత పరుపు, గట్టిపడిన సిమెంటు సంచులు, ఏ ఇంటిదో విరిగిన తలుపు రెక్క. ఆ ఫొటోనే రెండు కార్యాలయాల్లోనూ ఇచ్చాం. అంతకుముందు ఇచ్చిన వినతిపత్రాలన్నీ కలిసి చేయలేని పనిని అది చేసింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది మాకు ఆలస్యంగా బోధపడింది. కల్వర్టు పూడుకుపోతే నీరు వెనక్కి తన్ని ఎగువ నగరం ఇళ్లలోకి వస్తుంది. దిగువ నగరానికి అది ఒకరకంగా కాపలా. లోపలి పూడికే ఆనకట్టలా నిలిచి కింది వీధులను వరద నుంచి తప్పిస్తోంది. కల్వర్టు శుభ్రం చేయండి అని మనం అడిగినప్పుడల్లా దిగువ నగరం ఇంజనీర్లు ‘పరిశీలిస్తాం’ అని ఊరుకున్నది బద్ధకంతో అనుకున్నాం. వారి లెక్క వారికి ఉంది. కల్వర్టు తెరిస్తే మునక చోటు మారుతుందే తప్ప తగ్గదు. పైగా ఎగువ నగరం కొన్నేళ్లుగా వీధివీధికీ సిమెంటు రోడ్లు వేస్తోంది. నేలలో ఇంకే నీరు తగ్గి, కాలువలోకి ఒక్కసారిగా దూకే నీరు పెరిగింది. ఆ నీటిని మోయాల్సిన కాలువ దిగువ నగరంలో ఉంది, దాన్ని వెడల్పు చేసే ఖర్చూ ఆ నగరానిదే.

అందుకే పూడికతీత ఒక్కటే అడగడం మానేసి, ఖర్చులో వాటాల సంగతి తేల్చమని ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాం. జనాభా ప్రకారం పంచుకుందామని దిగువ నగరం అంది, ఎందుకంటే ఎగువ నగరం పెద్దది. కాలువ పొడవు ప్రకారం పంచుకుందామని ఎగువ నగరం అంది, ఎందుకంటే కాలువలో ఎక్కువ భాగం దిగువ నగరంలో ఉంది. రెండు వాదనలూ ఎవరి జేబు వారు చూసుకుని చేసినవే. చివరికి కాలువలోకి నీరు పంపే నేల విస్తీర్ణాన్ని ప్రాతిపదికగా తీసుకోవడానికి ఒప్పుకున్నారు. వాన ఎక్కడ పడి ఎటు పారుతుందో నేల వాలు చెబుతుంది, దాని మీద వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. సర్వే పటం రెండు నగరాల ఇంజనీర్లూ కలిసి తయారుచేశారు.

ఒప్పందం సారాంశం ఇది. కల్వర్టుతో సహా కాలువ మొత్తానికి ఏటా ఒకే టెండరు. టెండరు పిలిచేది, పని చూసుకునేది దిగువ నగరం. ఎగువ నగరం తన వాటా పని మొదలవడానికి ముందే జమ చేయాలి. కొలతలు తీసేటప్పుడు ఇద్దరి ఇంజనీర్లూ ఉండాలి. తప్పుకోదలిస్తే వానాకాలం ముగిశాకే నోటీసు ఇవ్వాలి. ఫిర్యాదు ఏ నగరం కార్యాలయంలో ఇచ్చినా తీసుకుని నమోదు చేయాలి. ఈ చివరి మాట కోసం మనం పట్టుబట్టాం. ‘ఇది మా పరిధి కాదు’ అనే జవాబు ఇకపై కాలువ విషయంలో చెల్లదు.

ఎగువ నగరం కొత్త రోడ్ల పక్కన ఇంకుడు గుంతలు తవ్వించాలన్న షరతుకు సూత్రప్రాయంగా సరేనన్నారు. కాలువ వెడల్పు పని ఎగువ నగరం కౌన్సిల్ తీర్మానం కోసం ఎదురుచూస్తోంది. ఆ రెండూ జరగకుండా కల్వర్టు మాత్రమే తెరిస్తే తమకు అన్యాయం జరుగుతుందని దిగువ వీధుల సభ్యులు రాసి ఇచ్చిన అభ్యంతరం న్యాయమైనదే. దాన్ని మినిట్స్‌లో చేర్చాం.

ఈ చర్చల కోసం చదువుకున్న వాటిలో లండన్ అనుభవం ఎక్కువగా పనికొచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం తొలి సగంలో అక్కడ మురుగు కాలువలను వేర్వేరు కమిషన్లు ఎవరి పరిధిలో వారు చూసుకునేవారు. 1848లో వాటిలో చాలావాటిని ఒక కమిషన్ కిందికి తెచ్చారు. 1855 నాటి చట్టంతో మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ అనే ఉమ్మడి బోర్డు వచ్చింది. అయినా 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు భవనంలోకి చేరాకే కావలసిన అధికారం, నిధులు దక్కాయి. బోర్డు ఇంజనీరు జోసెఫ్ బజల్‌గెట్ ప్రధాన కాలువలు కట్టింది ఆ తర్వాతే. ఇందులో గమనించాల్సింది, వీధి స్థాయి కాలువలు పారిష్ సభలు (చిన్న ప్రాంతాల స్థానిక సభలు), జిల్లా బోర్డుల చేతిలోనే ఉండిపోయాయి. ఊరంతటికీ ఉమ్మడి అయిన పెద్ద కాలువలు మాత్రమే ఉమ్మడి బోర్డుకు వెళ్లాయి. రెండు దేశాల మధ్య కూడా ఇది సాధ్యమే. ఫిన్లండ్‌లోని టోర్నియో, స్వీడన్‌లోని హాపరండా పక్కపక్క పట్టణాలు. గడియారాల్లో గంట తేడా, డబ్బు వేరు, భాష వేరు. మురుగు శుద్ధి కేంద్రం మాత్రం ఉమ్మడి. 1987లో ఆ రెండూ ఉమ్మడి పనుల కోసం ఒక సంస్థనే ఏర్పాటు చేసుకున్నాయి.

అగ్నిమాపక సేవ

దగ్గరలో ఉన్న బండి ఏ నగరానిదైనా ముందు అదే రావాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. అమెరికాలోని ఫీనిక్స్, దాని పొరుగు నగరాలు 1970లలోనే ఈ పద్ధతికి వచ్చాయి. అక్కడ కాల్ అందుకునే కేంద్రం సరిహద్దు చూడదు, ఏ బండి ముందు చేరగలదో చూస్తుంది.

ఉమ్మడి విన్యాసంలో తేలిన సంగతి: ఎగువ నగరం బండి గొట్టం దిగువ నగరం హైడ్రంటుకు (మంటలార్పే నీటి కోసం వీధిలో ఉండే కుళాయికి) పట్టలేదు. మరలు వేరు. చుట్టూ నిలబడ్డవారు నవ్వారు గానీ, ఇది నవ్వుకునే విషయం కాదు. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరం తగలబడినప్పుడు వాషింగ్టన్, ఫిలడెల్ఫియాల నుంచి బండ్లు సాయానికి వచ్చాయి. వాటి గొట్టాలు చాలావరకు అక్కడి హైడ్రంట్లకు అమరలేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. గొట్టాల మరలకు దేశవ్యాప్త ప్రమాణం తేవాలన్న ప్రయత్నానికి ఊపు వచ్చింది ఆ తర్వాతే. మన వైపు రెండు రకాల మరలకూ సరిపడే అడాప్టర్లు ప్రతి బండిలో ఉంచుతామని ఇద్దరు అధికారులూ రాసి ఇచ్చారు. ఇక ఫోను ఎత్తేది ఏ కేంద్రం అన్న ఒక్క మాట తేలాలి.

చెత్త

రోడ్డు మలుపులోని కుప్ప అలాగే ఉంది. రెండు వైపులవారూ అక్కడ పారబోస్తున్నారు, ఇందులో మన సభ్యులూ ఉన్నారన్నది దాచాల్సిన పని లేదు. సరిహద్దు వీధుల సేకరణ మొత్తాన్ని ఎగువ నగరానికి కాంట్రాక్టుగా ఇవ్వడానికి దిగువ నగరం సిద్ధంగా ఉంది. ఇలాంటి ఏర్పాటు కొత్తది కాదు. కాలిఫోర్నియాలోని లేక్‌వుడ్ పక్కనున్న లాంగ్ బీచ్‌లో కలిసిపోవడం ఇష్టంలేక 1954లో సొంత నగరంగా ఏర్పడింది. సేవల్లో చాలావాటిని లాస్ ఏంజెలెస్ కౌంటీ నుంచి ఒప్పందం మీద తీసుకుంది. ఆ తర్వాత ఆ ప్రాంతంలో అనేక చిన్న నగరాలు అదే బాట పట్టాయి. మన దగ్గర అడ్డు పడుతున్నది పారిశుద్ధ్య కార్మికుల భయం. పని పొరుగు నగరానికి పోతే తమ గతేమిటని వారు అడుగుతున్నారు. దానికి రాతపూర్వక హామీ లేకుండా ఒప్పందం వద్దని కార్యవర్గం కూడా చెప్పింది.

హద్దులు, పన్నులు

గీత ఇంటి మధ్యగా పోతున్న కుటుంబాలకు రెండు నగరాల నుంచీ ఆస్తి పన్ను నోటీసులు వస్తూనే ఉన్నాయి. ఓటు ఒకచోట, నీటి కనెక్షన్ మరోచోట. బెల్జియంకు చెందిన బార్లే-హెర్టోగ్, నెదర్లాండ్స్‌కు చెందిన బార్లే-నాసౌ ఒకే ఊరుగా పెనవేసుకుని ఉంటాయి. బెల్జియం ముక్కలు 20కి పైగా డచ్ నేల మధ్య ఉన్నాయి, వాటి లోపల మళ్లీ డచ్ ముక్కలున్నాయి. గీత ఇంటిని చీల్చితే, వీధి తలుపు ఎటు ఉంటే ఇల్లు అటుదే అన్న వాడుక అక్కడ ఉంది. ఆ సూత్రాన్నే మనమూ ప్రతిపాదించాం. పన్ను అధికారులిద్దరికీ నచ్చింది. కానీ హద్దు మార్చాలంటే ఇద్దరి కౌన్సిళ్లూ తీర్మానించి పై ప్రభుత్వానికి పంపాలి. అందాకా ఒకే నోటీసు ఇచ్చి, వసూలైన దాన్ని నగరాలే తమలో తాము సర్దుకోవాలని అడిగాం. జవాబు రాలేదు.

అసలు పేచీ ఇళ్ల దగ్గర లేదు, రోడ్డు వెంట ఉన్న దుకాణ సముదాయాల దగ్గర ఉంది. గుంతలు పడ్డ సందులను ‘మీరే తీసుకోండి’ అని ఇచ్చేయడానికి ఇద్దరూ ఉదారంగా ముందుకొస్తున్నారు. దుకాణాల వరుస మాటెత్తితే మాత్రం ఇద్దరి దగ్గరా పాత పటాలు బయటికి వస్తున్నాయి. పన్ను వచ్చే నేల కోసం పోటీ ఉన్నంతకాలం హద్దు చర్చ ముందుకు సాగదు. మినెసోటా రాష్ట్రం 1971లో దీనికి ఒక మార్గం చూపింది. మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న 7 కౌంటీల్లో వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను మూలం (పన్ను లెక్కగట్టే విలువ) ఎంత పెరిగితే అందులో 40 శాతం ఉమ్మడి నిధి లెక్కలోకి వెళుతుంది. అక్కడి నుంచి నగరాలన్నిటికీ పంపకం జరుగుతుంది. ఏ నగరంలో దుకాణం వెలిసినా పొరుగు నగరానికి కొంత దక్కుతుంది కాబట్టి కొట్లాటలో వాడి తగ్గుతుంది. అంత పెద్ద ఏర్పాటు మన ఒక్క రోడ్డుకు అతి అనిపించవచ్చు. ఇకపై కట్టబోయే దుకాణాల వరకైనా పంచుకోండని అడుగుతున్నాం.

రెండింటినీ కలిపేయాలన్న తీర్మానం గురించి

కొందరు సభ్యులు రెండు నగరాలనూ విలీనం చేయాలని సంఘం కోరాలని తీర్మానం ఇచ్చారు. వారి విసుగు అర్థమవుతోంది. అయినా కార్యవర్గంలో ఎక్కువమంది దీనికి సుముఖంగా లేరు. ప్రతి సేవకూ దానికి తగిన కొలత వేరు. కాలువకు వాలు కొలత, అగ్నిమాపకానికి నిమిషాలు కొలత, వీధి ఊడ్చే పనికి వార్డు చాలు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రోమ్ 1970ల మొదట్లో ఇండియానాపోలిస్ ప్రాంతంలో పోలీసు సేవలను పరిశీలించారు. చిన్న ఊళ్ల పోలీసు విభాగాల పనితీరు పెద్ద నగర విభాగానికి తీసిపోలేదని, చాలా విషయాల్లో మెరుగ్గానే ఉందని తేల్చారు. గస్తీ తిరగడం చిన్నచోట బాగా సాగుతుంది, నేర పరిశోధన ప్రయోగశాల వంటివి ఉమ్మడిగా ఉంటేనే గిట్టుబాటు.

కలపకుండా కలిసి పనిచేసిన దేశాలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో సుమారు 35,000 కమ్యూన్లు, అంటే అట్టడుగు స్థానిక సంస్థలు, ఉన్నాయి. అవి ఉమ్మడి సంఘాలుగా ఏర్పడేందుకు 1890లోనే చట్టం వచ్చింది. భారత రాజ్యాంగంలో 74వ సవరణతో చేరిన 243జెడ్‌ఈ అధికరణం, 10 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మెట్రోపాలిటన్ ప్రాంతాలకు ప్రణాళికా కమిటీలు ఉండాలని చెబుతుంది. పురపాలక సంఘాలకు, పంచాయతీలకు ఉమ్మడి అయిన నీరు, ఇతర వనరుల పంపకం వాటి పరిశీలనలోకి వస్తుంది. మరోవైపు టొరంటో ఉంది. 1954లో 13 స్థానిక సంస్థలు తమ పేర్లు నిలుపుకుంటూనే ఒక మెట్రో ప్రభుత్వం కిందికి వచ్చాయి, 1998లో మొత్తం ఒకే నగరమైపోయింది. విలీనం కోరేవారు ఇదే చూపి, ఎప్పటికైనా జరిగేదే కదా అంటున్నారు. తీర్మానం సమావేశం ముందుకు వస్తుంది, ఓటు మీది.

తక్కిన విషయాలు

జమాఖర్చుల పట్టిక వేరుగా జతచేశాం, ఆడిటరు సంతకం అయింది. ఈసారి పెద్ద ఖర్చు పటాల నకళ్లది. ఇద్దరు కోశాధికారి పదవికి నామినేషన్ వేశారు, తక్కిన పదవులకు పోటీ లేదు. కాలువ ఒప్పందం పూర్తి పాఠం సంఘం గదిలో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. పూడికతీత జరిగే రోజుల్లో కల్వర్టు రెండు నోళ్ల దగ్గరా కొలతలు చూడటానికి సభ్యులు కావాలి. ఎగువ వీధుల వారు దిగువ నోటి దగ్గర, దిగువ వీధుల వారు ఎగువ నోటి దగ్గర నిలబడాలని కార్యవర్గం కోరుతోంది. పేర్లు సమావేశం రోజున కార్యదర్శికి ఇవ్వండి.