ముందు ఉత్తర్వు, తర్వాత విత్తనం

సంపాదకులు గారికి నమస్కారం.

గంజాయి జాతిదే అయినా నార, గింజ కోసం పండించే హెంప్ పంటలో లాభాలున్నాయని మీ పత్రికలో వచ్చిన కథనాన్ని మా మహిళా సంఘం మీటింగులో ఒకామె పైకి చదివింది. ఆమె చదవడం అయిందో లేదో లెక్కలు మొదలయ్యాయి. ఎవరికి ఎన్ని గుంటలు ఖాళీగా ఉన్నాయి, పత్తి మానేస్తే ఎంత నష్టం, మందుల ఖర్చు ఎంత మిగులుతుంది అని. మా మరిది కొడుకైతే ముందే ఫోన్లో ఏదో వీడియో చూసి ఉన్నాడు. "పెద్దమ్మా, ఇది గంజాయి కాదట, నార పంటనట. పైసలు కొడితే విత్తనం కొరియర్‌ల పంపిస్తరట" అన్నాడు. ఆ కొరియర్ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

మాది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి, మిర్చి వేస్తాం. సీజన్‌లో మా సంఘమే ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం నడుపుతుంది. కొత్త పంట అంటే మాకు భయం లేదు. కానీ మీ కథనంలో లాభాలకు ఇచ్చినంత చోటు చట్టానికి ఇవ్వలేదు. రైతు జైలుకు పోయేది ఆ చట్టం దగ్గరే కదా.

మత్తుమందులను కట్టడి చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం దృష్టిలో కనాబిస్ (గంజాయి) జాతి మొక్క ఏదైనా గంజాయి మొక్కే. మత్తు ఎక్కువున్న రకమా, లేని రకమా అని అది అడగదు. 8వ సెక్షన్ సాగును నిషేధించింది. 20వ సెక్షన్ కింద పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అయితే అదే చట్టంలో 14వ సెక్షన్ కూడా ఉంది. నార కోసమో, గింజ కోసమో, ఉద్యాన అవసరాల కోసమో అయితే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి, షరతులు పెట్టి సాగుకు అనుమతించవచ్చని అందులో రాసి ఉంది. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 28వ అధికరణం కూడా నారకు, గింజకు వేసే పంటను తన కట్టడి నుంచి మినహాయించింది. అంటే హెంప్‌ను కొత్తగా ఎవరో చట్టబద్ధం చేయనక్కర్లేదు. చట్టం పుట్టిన రోజు నుంచే వీలుంది. కావలసింది ప్రభుత్వ ఉత్తర్వు, రైతు పేరు మీద లైసెన్సు. ఆ రెండూ చేతిలో లేకుండా చల్లిన విత్తనం కోతకు ముందే కేసవుతుంది.

ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు ఇచ్చి, వాణిజ్య సాగుకు దారి తెరిచిన తొలి రాష్ట్రమైంది. హిమాచల్ ప్రదేశ్ 2025 జనవరిలో ప్రయోగాత్మక అధ్యయనానికి ఒప్పుకుని, ఆ పనిని పాలంపూర్, నౌణీల్లోని తన రెండు విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. హిమాచల్ పద్ధతే నాకు నచ్చింది. కొండల్లో తరతరాలుగా ఆ మొక్క పెరిగే రాష్ట్రమే ముందు పరీక్షించి చూద్దామంటుంటే, మనం వీడియో చూసి విత్తనం తెప్పించుకోవడం ఏమిటి?

హెంప్‌కూ గంజాయికీ తేడా టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం మోతాదులో ఉంటుంది. ఎండిన బరువులో అది 0.3 శాతం మించకపోతే హెంప్ అని అమెరికా 2018 చట్టం గీత గీసింది. యూరోపియన్ యూనియన్ కూడా ఇప్పుడు ఆ గీత దగ్గరే ఉంది. ఆ 0.3 శాతం ప్రయోగశాలలో తేలాల్సిందే గానీ కంటికి ఆనదు. ఆకు అదే, వాసన అదే. ఆంధ్ర ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం మీదుగా వచ్చే గంజాయి మన వైపు తరచూ పట్టుబడుతూనే ఉంది. గంజాయి వేసిన రైతుకు రైతుబంధు ఆపేస్తామని గత ప్రభుత్వం ప్రకటించిన సంగతీ మేం మరిచిపోలేదు. అలాంటి చోట చేనుకొచ్చిన పోలీసులకు "సార్, ఇది 0.3" అని చెబితే వింటారా?

ఇంకో చిక్కు పుప్పొడి. ఈ మొక్కల్లో ఆడ, మగ సాధారణంగా వేరువేరు. పుప్పొడి గాలికి కొట్టుకుపోతుంది. దగ్గర్లో దొంగచాటు గంజాయి ఉంటే మన చేలో కట్టిన గింజ ఏ రకమో చెప్పలేం. ఆ గింజే మరుసటేడు విత్తనమైతే గీత దాటొచ్చు.

ఇదంతా చదివి నేను ఈ పంటకు శత్రువును అనుకోకండి. దీని చరిత్ర చదివితే నాకే ముచ్చటేసింది. ఒకప్పుడు మన నిజాం రాష్ట్రంలోనే ఉన్న ఎల్లోరా గుహల గోడలకు పూసిన మట్టిలో హెంప్ పీచు కలిపారని 2016లో పరిశోధకులు ప్రచురించారు. పురుగు అంతగా పట్టకుండా ఆ పూత నిలవడానికి అదీ ఒక కారణమని వాళ్ల అభిప్రాయం. తెరచాప ఓడల కాలంలో తాళ్లకూ తెరచాపలకూ ఇంగ్లండ్ రష్యా హెంప్ మీద ఆధారపడింది. రష్యా సరుకు ఆగిపోతే ఎట్లా అన్న బెంగతోనే ఈస్టిండియా కంపెనీ మన దేశపు నారల్ని వెతికించింది. సామర్లకోటలో పనిచేసి 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్లిన, మొక్కల శాస్త్రం తెలిసిన రాక్స్‌బర్గ్ దొర జనుము, జనపనారల మీద ప్రయోగాలు చేశాడు. కుమావూ, గఢ్వాల్ కొండల్లో ఈ గింజతో పచ్చడి నూరుకుంటారు, బెరడుతో తాళ్లు పేనుతారు.

అమెరికా కథ మరీ విచిత్రం. 1937లో పన్ను చట్టంతో సాగును నొక్కేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్ జపాన్ చేతికి పోయి అక్కడి నుంచి తాళ్లకు వచ్చే మనీలా నార ఆగిపోగానే, వేయండి వేయండి అని తన రైతులనే బతిమాలుకుంది. యుద్ధం అయిపోయాక మళ్లీ మూసేసింది. కెనడా 1998లో అనుమతిస్తే, అమెరికా 2014లో ప్రయోగాలకు, 2018లో పూర్తి సాగుకు ఒప్పుకుంది. మరుసటేడే లెక్కకు మించి వేశారు. ఎక్కువమంది నార కోసం వేయలేదు, పూత నుంచి తీసే సీబీడీ అనే సరుకు కోసం వేశారు. కొనేవాళ్లు చాలక ధర కూలింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద కూర్చున్నవాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా మన 14వ సెక్షన్‌లో పరిశ్రమల కోసమంటూ ఉన్నది నార, గింజ. వీడియోలో చూపించే సీబీడీ లాభాలు మన రైతు లెక్కలో వేసుకునేవి కావు.

ఉపయోగాలు నిజమే. కట్టెలో పావు వంతు అటూఇటూగా నార ఉంటుంది. మిగతా బెండును సున్నంతో కలిపి తేలికైన గోడ దిమ్మెలు పోస్తున్నారు. అవి బరువు మోయవు, వేడిని ఆపుతాయి. గింజలో ముప్పై శాతం దాకా నూనె, మంచి మాంసకృత్తులు ఉంటాయి. గింజను, నూనెను, పిండిని ఆహారంగా అమ్ముకోవడానికి మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021లో అనుమతించింది. పత్తితో పోలిస్తే మందులు, నీళ్లు తక్కువే. ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఈ పంట నీళ్లు నిలిస్తే తట్టుకోదు. శ్రావణంలో మా నల్లరేగడి చేలు ఎట్లా ఉంటాయో వచ్చి చూస్తే తెలుస్తుంది.

పొద్దు సంగతి ఇంకా ముఖ్యం. హెంప్ పగలు తగ్గేటప్పుడు పూతకు వచ్చే మొక్క. ఫ్రాన్స్, ఉక్రెయిన్ రకాలు ఎండాకాలంలో పదహారు గంటల దాకా పగలుండే చోట పెంచినవి. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశంలో ఉంది. మనకు ఏడాదిలో అతి పొడుగు పగలు పదమూడు గంటల పైచిలుకు. ఆ విత్తనం ఇక్కడ వేస్తే మొక్క ఎదగకముందే పూతకొచ్చి పొట్టిగా ఆగిపోతుంది. పొట్టి కట్టెలో నార ఎక్కడిది? ఉత్తరాది కొండల నాటు విత్తనం తెద్దామంటే అందులో టీహెచ్‌సీ గీత దాటే భయం. కాబట్టి మన నేలకు, మన పొద్దుకు ఏ రకం పనికొస్తుందో ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం లాంటి చోట, కంచె వేసి, అనుమతితో రెండు మూడు వానాకాలాలు పండించి చూడాలి. అక్కడ తేలాకే రైతు చేలోకి రావాలి.

కోసిన తర్వాతి పని కూడా చిన్నది కాదు. కట్టెను నానబెట్టాలి లేదా మంచుకు మగ్గబెట్టాలి, తర్వాత యంత్రంతో నార వలవాలి. కట్టె బరువుకు లారీ కిరాయే లాభాన్ని తినేస్తుంది గనక యంత్రం దగ్గర్లోనే ఉండాలి. గీసుగొండ, సంగెం మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో పునాది వేశారు. ప్లాస్టిక్ సీసాల్ని కరిగించి దారం తీసే ఫ్యాక్టరీ కూడా అందులో ఉంది. మొక్క కట్టె నుంచి నార తీసే యంత్రానికి అక్కడ చోటు దొరకదా?

హెంప్ వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోవాల్సిన పని కూడా లేదు. కొనుగోలు కేంద్రంలో మా అసలు తిప్పలు గన్నీ సంచులు. సంచికి 40 కిలోల లెక్కన వంద క్వింటాళ్లకు 250 సంచులు కావాలి. లారీ వచ్చినా సంచి రాక వడ్లు వానకు తడిసిన రోజులున్నాయి. తిండిగింజలు జనపనార సంచుల్లోనే నింపాలని 1987 నుంచి చట్టం ఉంది. ఆ జనపనారేమో బెంగాల్ నుంచి రావాలి. మా చిన్నప్పుడు ఊళ్లో తలుగు, పగ్గం, నులక ఏదీ కొనేవాళ్లం కాదు. జనుము కట్టలు కుంటలో నానేసి నార తీసేవారు. ముదిరిన పుంటికూర కట్టె నుంచి కూడా తీసేవారు. ఇప్పుడు పచ్చిరొట్ట కోసమని సబ్సిడీ మీద జనుము విత్తనం ఇస్తున్నారు, పూతకు రాగానే దున్నేస్తున్నాం. జనుముకు లైసెన్సు అక్కర్లేదు, పోలీసుల భయం లేదు. సంచులు నేయడం అటుంచండి, ముందు సంచుల మూతి కుట్టే సుతిలి అయినా మండలానికొక సంఘం పేనుకోగలదు. నార వలిచే చిన్న యంత్రం ఇప్పిస్తే చాలు. అలవాటైన ఆ చేతులకే రేపు హెంప్ కట్టె వచ్చినా పని తెలిసి ఉంటుంది.

వ్యవసాయ శాఖకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. హెంప్ విషయంలో 14వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇచ్చే ఆలోచన ఉంటే ఎవరికి, ఏ షరతుల మీద, ఏ విత్తనంతో అన్నది తెలుగులో రాయించి ప్రతి రైతువేదికలో అతికించండి. ఇచ్చే ఆలోచన లేకపోతే ఆ సంగతే అతికించండి. విత్తనం కొరియర్‌లో పంపుతామంటున్న వాళ్ల మీద ఒక కన్ను వేయండి. వానాకాలం విత్తనాలు కొనే ముందే ఇది జరగాలి. మృగశిర కార్తె దాటాక అతికిస్తే ఎవరూ చదవరు.

ఇట్లు,
ఒక మహిళా సంఘం సభ్యురాలు,
నర్సంపేట డివిజన్, వరంగల్ జిల్లా.