శాలువా ఫొటో సరే, ఆ పని ఇక ఎవరు చూస్తారు?

సంపాదక మహాశయా,

మా మండలానికి కొత్త విద్యాశాఖాధికారి వచ్చిన వార్తను పోయిన వారం మీ జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల ఫొటోతో వేశారు. మధ్యలో ఆయన, అటూ ఇటూ సంఘాల నాయకులు, బల్ల నిండా పూలగుచ్ఛాలు. మండల విద్యాభివృద్ధికి కృషి చేస్తానన్న వాక్యం ఎప్పటిలాగే ఉంది. దాని కింద కార్యక్రమంలో పాల్గొన్నవారి పేర్లు వరుసగా, చివర ‘తదితరులు’. ఆయన మంచివారని విన్నాను. ఫొటో వేయడాన్ని నేను తప్పు పట్టను. అయితే ఆ వార్త మొత్తం చదివాక కూడా ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే టీచరుకు గానీ, పిల్లవాడి ధ్రువపత్రం కోసం తిరుగుతున్న తండ్రికి గానీ కావలసిన సంగతి ఒక్కటీ దొరకలేదు. వెళ్లిన అధికారి వదిలిన పనులు ఎవరి చేతికి వచ్చాయి? 2022లో మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి మండలానికీ రెండో మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ) పోస్టు వచ్చింది కదా, మా మండలంలో ఆ ఇద్దరిలో ఎవరు ఏ పని చూస్తారు? ఏ ఒక్కటీ ఆ వార్తలో లేదు.

అదే వారం, అదే మండల వనరుల కేంద్రం ఆవరణలో మరో మార్పు జరిగింది. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో, వాళ్లకు చదువు నేర్పే సహిత విద్య రిసోర్స్ పర్సన్‌ను పక్క మండలానికి సర్దుబాటు చేశారు. అది మీ పత్రికలో రాలేదు, మరే పత్రికలోనూ రాలేదు. కేంద్రం తలుపు మీద ఒక కాగితం ముక్కైనా అంటించలేదు.

నేను ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని. మా వీధిలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. వాళ్లమ్మ కుట్టుపని చేస్తుంది. వారానికి రెండు రోజులు మిషను ఆపి, బాబును ఆటోలో భవిత కేంద్రానికి తీసుకువెళ్తుంది. కాళ్లు బాగున్నన్ని రోజులు నేనూ తోడు వెళ్తుంటాను. అందుకే బదిలీ అయిన ఆ అమ్మాయి పనిని దగ్గరగా చూశాను. బాబు వేళ్లు బిగుసుకుపోతాయి, మామూలు పెన్సిలు పట్టు దొరకదు. ఆ అమ్మాయి పెన్సిలుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద గుడ్డ పట్టీ వేసి, వాడి గుప్పిట్లో ఇమిడేంత లావు చేసింది. పాదాలు గాలిలో వేలాడితే వాడికి ఒళ్లంతా బిగుస్తుంది కనుక ముందు కాళ్ల కింద పీట వేయాలి, నడుముకు తువ్వాలు చుట్ట పెట్టాలి, కాగితం జారకుండా బల్లకు అంటించాలి, ఆ తర్వాతే అక్షరం. ఎడమవైపు నుంచి పిలిస్తే తల తిప్పడం కష్టం, కుడివైపున కూర్చోవాలి. ఇవన్నీ ఏ శిక్షణ పుస్తకంలోనో ఒక్కచోట రాసి ఉండేవి కావు. ఆ పిల్లవాడి దగ్గర కూర్చుని, నెలల తరబడి చూసి పట్టుకున్నవి.

ఇప్పుడు మరో మండలం నుంచి ఒకామె ఇన్‌ఛార్జిగా వస్తున్నారు. మొదటి రోజు ఆమె ఆ తల్లిని అడిగిన ప్రశ్న, ‘బాబు పేరేమిటమ్మా?’ అని. ఆమెను అనడానికి ఏమీ లేదు. పిల్లల వ్యక్తిగత ప్రణాళికలు రాసిన రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయట, తాళంచెవి ఎక్కడుందో ఆమెకు ఎవరూ చెప్పలేదట. ఆమెకు ఇప్పుడు రెండు కేంద్రాలు, రెండు మండలాల పిల్లలు, జీతం ఒక్కటే. ఏ రోజు ఏ మండలంలో ఉంటారో రాసిన బోర్డు కూడా లేకపోవడంతో, తలుపు తాళం చూసి తిరిగిపోయిన తల్లిదండ్రులు తిట్టుకునేది ఆమెనే.

ఒక్క ఉద్యోగి మారితే ఇంత రాద్ధాంతమా అని మీరు అనుకోవచ్చు. మండల వనరుల కేంద్రం బయటివాళ్లకు ఒక పాత భవనంగా, నోట్‌బుక్కులు, యూనిఫాం బస్తాలు దిగే గోదాముగా కనిపిస్తుంది. బడిలో పనిచేసినవాళ్లకు తెలుసు, మండలంలోని బడులన్నింటి నరాలూ అక్కడే కలుస్తాయని. బడుల, పిల్లల వివరాలు నమోదయ్యే యూడైస్‌లో పిల్లవాడి పేరు ఒక అక్షరం తేడా పడితే దిద్దించేది, ఆ కంప్యూటర్ లెక్కలు చూసే అక్కడి ఎంఐఎస్ కోఆర్డినేటర్. టీచరు సెలవు పెడితే బడికి పంపేది సీఆర్‌ఎంటీని, అంటే క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచరును. నిన్నటి దాకా వాళ్లను సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) అనేవారు. పేరు మారింది, స్టాకు లారీ వస్తే లెక్క చూసుకునే పని మాత్రం వాళ్లను వదలలేదు. నెలనెలా జీతం బిల్లుల దగ్గర అకౌంటెంటు, ప్రత్యేక అవసరాలు గల పిల్లల దగ్గర సహిత విద్య సిబ్బంది, వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు. వీళ్లలో చాలామంది బడుల కోసం నడిచే ప్రభుత్వ పథకం సమగ్ర శిక్షా కింద ఒప్పందం మీదనో, పొరుగు సేవల కిందనో పనిచేసేవాళ్లు. ఏటా రెన్యువల్ ఉత్తర్వు కోసం ఎదురుచూసేవాళ్లు. వాళ్లు వచ్చినా వార్త లేదు, పోయినా వార్త లేదు. ఫొటోకు నిలబడమని ఎవరూ పిలవరు.

2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులని మా ఊరి బడి పిల్లలు కూడా చెబుతారు. మీరూ మిగతా పత్రికలూ అంతగా రాశారు, రాయవలసిందే. మరి మా మండల వనరుల కేంద్రంలో ఎన్ని పోస్టులున్నాయి, అందులో ఎన్ని ఖాళీ? ఈ ప్రశ్నకు ఆ ఆవరణలోనే పనిచేసే ఇద్దరు నాకు రెండు రకాల జవాబులు చెప్పారు.

విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం బడిలో టీచరు ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకూడదు. అమలు ఎలా ఉందన్నది వేరే సంగతి, కనీసం వేలెత్తి చూపడానికి ఒక గీత అయితే ఉంది. బడులకు వెన్నుదన్నుగా ఉండే ఈ కేంద్రాల సిబ్బందికి ఆ సెక్షన్ వర్తించదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ అన్ని స్థాయుల పాఠశాలలకూ తోడ్పడటానికి తగినన్ని వనరుల కేంద్రాలు నెలకొల్పాలంటుంది. కేంద్రం ఉంది, బోర్డు ఉంది, గోడ మీద రంగురంగుల బొమ్మలూ ఉన్నాయి. లోపల మనిషి ఉన్నాడో లేడో చెప్పే ఏర్పాటు మాత్రం లేదు.

నిజానికి చెప్పాలన్న చట్టమూ ఉంది. 2005 సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ చూడండి. ఎవరూ అడగకుండానే ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను వెల్లడించవలసినవి పదిహేడు అంశాలు అందులో ఉన్నాయి. అధికారులు, ఉద్యోగుల అధికారాలు, విధులు ఒకటి. వారి వివరాల పట్టిక ఒకటి. నెలవారీ వేతనం ఇంకొకటి. వీటిని ఏటా సవరించి ప్రకటించాలని కూడా ఉంది. మా కార్యాలయంలో అలాంటి బోర్డు ఉంది. మెట్ల కింద, స్టాకు బస్తాల వెనక. దాని మీదున్న అధికారి పదవీ విరమణ చేసి మనవలను ఎత్తుకుంటున్నారు.

పదవీ విరమణ వార్తల గురించీ ఒక మాట. కొంతకాలం కిందట అక్కడి అటెండరు రిటైరయ్యారు. మీరు ఫొటో వేశారు. ఆయన సేవలు మరువలేనివని వక్తలు కొనియాడినట్టు రాశారు. ఆ సేవల్లో ముఖ్యమైనది ఏమిటో మాత్రం ఎవరూ రాసి పెట్టుకోలేదు. పిల్లలు లేక మూతపడిన మా మండలం బడుల పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఆ కార్యాలయంలోనే భద్రపరిచారు. ఏ ఊరి రిజిస్టరు ఏ బీరువాలో, ఏ అరలో ఉందో, ఏది చెదలు పట్టి అట్ట మార్చినదో, ఏది రెండు సంపుటాలుగా ఉందో ఆయనకు కంఠతా వచ్చు. పుట్టినతేదీ దిద్దించుకోవడానికి, స్టడీ సర్టిఫికెట్‌కు వచ్చినవాళ్లను పావుగంటలో పని పూర్తి చేసి పంపేవారు. ఆయన వెళ్లాక నా పాత విద్యార్థి ఒకడు అదే పని మీద వెళ్లి, ‘ఆ రిజిస్టరు దొరకడం లేదు’ అన్న జవాబుతో నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజుల్లో ఆ బడికి నేనే ఇన్‌ఛార్జిని కనుక నా సంతకం ఉందని వాడి ఆశ. రిజిస్టరు లేనిదే నా సంతకం ఏం చేసుకుంటాడు? చివరికి రిటైరైన ఆ పెద్దమనిషినే ఇంటి నుంచి బతిమాలి తీసుకువస్తే, కిటికీ పక్క బీరువా పై అరలోంచి తీసి ఇచ్చారు. సన్మాన సభలో దండలు వేసినవాళ్లలో ఒక్కరైనా ఆయన పక్కన కూర్చుని ఒక తెల్లకాగితం మీద ఆ జాబితా రాసుకుని ఉంటే సరిపోయేది.

మేం ఉద్యోగంలో చేరిన కొత్తలో, బ్రిటిష్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం రోజుల్లో, ఉపాధ్యాయ కేంద్రాలు ఉండేవి. అక్కడ సమావేశమైనప్పుడల్లా ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఎవరి పని ఎవరు చూస్తారు అన్నది చెప్పాకే మిగతా చర్చ. ఆ కాలమే బంగారం అనను, ఆ సమావేశాల్లో నిద్రపోయినవాళ్లనూ చూశాను. ఇప్పుడు ఉత్తర్వులన్నీ వాట్సాప్ గ్రూపుల్లో వస్తున్నాయి. ప్రధానోపాధ్యాయులకు ఎలాగోలా తెలుస్తుంది. ఆ గ్రూపుల్లో తల్లిదండ్రులు ఉండరు.

మీ విలేకరితో ఈ సంగతి ప్రస్తావించాను. కుర్రవాడు మర్యాదస్థుడు. ‘మేడమ్, వాళ్లు పంపిన ప్రెస్‌నోటులో ఉన్నదే రాస్తాం, పేజీలో చోటు కూడా ఉండదు’ అన్నాడు. పాల్గొన్నవారి పేర్లకు ఉన్న చోటులో సగం చాలు. ప్రెస్‌నోటులో లేనిది అడిగి తెలుసుకోవడం విలేకరి పని కాదని మీరు కూడా అంటారని నేను అనుకోను.

నేను కోరేది చిన్నది. వారానికి ఒక రోజు, జిల్లా పేజీలో ఒక మూల, విద్యాశాఖ కార్యాలయాల సిబ్బంది మార్పులకు చోటు ఇవ్వండి. ఫలానా మండలంలో ఫలానా పోస్టు ఖాళీ అయింది, ఆ పని తాత్కాలికంగా ఎవరు చూస్తారు, ఏ రోజుల్లో దొరుకుతారు, ఏ కార్యాలయంలో కలవాలి. ఫొటో అక్కరలేదు. ఖాళీ అయిన పోస్టు నెల దాటినా భర్తీ కాకపోతే, ఇంకా ఖాళీయే అని మళ్లీ వేయండి. ఆ ఒక్క మాటను వరుసగా వేస్తూ పోతే పై అధికారుల కంట్లో తప్పకుండా పడుతుంది. అయితే ఒక జాగ్రత్త. ఎవరు ఎందుకు బదిలీ అయ్యారు, ఎవరి ఇంట్లో ఏం జరిగింది అన్న గుసగుసలు మనకు వద్దు. సొంత ఫోను నంబర్లు అసలే వద్దు. ఒప్పంద ఉద్యోగిని పేరుపెట్టి వార్తకెక్కిస్తే, రెన్యువల్ వేళకు ఆ ముక్కే ఆమెకు అడ్డు తగలవచ్చు. పోస్టు పేరు రాస్తే చాలు. ఈ ఉత్తరంలో మండలం పేరు నేను రాయకపోవడానికీ, నా పేరు వేయవద్దని కోరడానికీ కారణం అదే. నాకు పింఛను వస్తుంది, నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. ఆ కేంద్రంలో పనిచేసేవాళ్ల సంగతి అలా కాదు.

మొదటి వారానికి ఏం వేయాలా అని వెతుక్కోనక్కరలేదు. పదో తరగతి రాసే ప్రత్యేక అవసరాల పిల్లలకు లేఖకుడి సదుపాయం, అదనపు సమయం కావాలంటే వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం జతచేసి ముందుగా దరఖాస్తు వెళ్లాలి. మా మండలంలో ఆ దరఖాస్తులు పిల్లల చేత పూర్తి చేయించి, లోపాలు సరిచూసి పంపించింది ఇన్నాళ్లూ బదిలీ అయిన ఆ అమ్మాయే. ఈ ఏడాది ఆ పని ఎవరిదో ఎంఈఓ కార్యాలయంలో అడిగితే పై నుంచి స్పష్టత రావాలన్నారు. పరీక్ష ఫీజు ప్రకటన వెలువడేలోగా మీ విలేకరి ఆ స్పష్టత తెచ్చి రెండు వాక్యాల్లో వేస్తే, ఆ కాగితం కత్తిరించి భవిత కేంద్రం తలుపుకు నేనే అంటిస్తాను.

ఇట్లు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు
(పేరు ప్రచురించవద్దని మనవి)