కంటి ఫొటో తీశారు సరే, రిపోర్టు ఎవరికి ఇచ్చారు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో కార్మికులకు అత్యాధునిక కంటి పరీక్షలు అంటూ పెద్ద ఫొటోతో వార్త వేశారు. కెమెరాకు గడ్డం ఆనించి కూర్చున్న కార్మికుడు, చుట్టూ అధికారులు, మేనేజర్లు. అది చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. కంటి ఫొటో తీశాక ఏం జరుగుతుందో ఆ వార్తలో ఒక్క ముక్క లేదు. మా ఫ్యాక్టరీలో నిరుడు ఇలాంటి క్యాంపే పెట్టారు, కాబట్టి అది నేను చెబుతాను.

పరీక్ష మంచిదే, అందులో రెండో మాట లేదు. షుగర్ ఉన్నవాళ్లకు కంటి వెనక చూపునిచ్చే పొరలో, అంటే రెటీనాలో, సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. మొదట్లో నొప్పి ఉండదు, మసక ఉండదు, బోర్డు మీద అక్షరాలు చివరి లైను దాకా చదివేస్తారు, తేడా తెలిసేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే మామూలుగా పెద్దవాళ్లకు వచ్చే టైప్ 2 షుగర్ బయటపడగానే రెటీనా చూపించుకోవాలని, తర్వాత ఏటా చూపించుకోవాలని డాక్టర్లు మొత్తుకుంటారు. షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లు సెలవు పెట్టి, జీతం పోగొట్టుకుని, చుక్కల మందు వేయించుకుని ఆ పూటంతా మసక కళ్లతో కూర్చోవాలంటే ఎంతమంది వెళ్తారు? పని దగ్గరే కొన్ని నిమిషాల్లో ఫొటో తీసి నగరంలో ఉన్న కంటి డాక్టరుకు పంపడం నిజంగా మాకు పెద్ద మేలు.

కానీ చేసే పద్ధతి చూడండి. ఆ కెమెరాకు చీకటి గది కావాలి. చీకట్లో అయితేనే కంటిపాప పెద్దదై లోపలి భాగం స్పష్టంగా పడుతుంది. మా దగ్గర షామియానా కింద, మిట్టమధ్యాహ్నం, వరసలో నిలబెట్టి తీశారు. పక్క టేబుల్ దగ్గరే రక్తం తీసి షుగర్ చూశారు, ఆ కాగితం ఈ టేబుల్‌కు రానేలేదు. మా సెక్షన్లో ఒక అన్నకు చాలా ఏళ్లుగా షుగర్. ఆయన ఫొటో సరిగ్గా రాలేదు, మళ్లీ తీయండి అని అవతలి డాక్టరు రాశారట. ఆ రిపోర్టు హెచ్‌ఆర్ వాళ్ల మెయిల్‌కు వచ్చి అక్కడే ఉండిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి తన కళ్లు బాగానే ఉన్నాయనుకున్నాడు ఆయన. ఎవరైనా అలాగే అనుకుంటారు. కొన్ని నెలలకు నైట్ షిఫ్టులో కుడికంటి ముందు నల్లటి తీగలు కదులుతున్నాయన్నాడు, ఆస్పత్రికి వెళ్తే కంట్లో రక్తం కారిందన్నారు. సమయానికి తెలిసి ఉంటే లేజర్‌తోనో ఇంజెక్షన్లతోనో అంతదాకా రాకుండా చూసే వీలుండేది. ఇప్పుడు ఆపరేషన్, అప్పు, డ్యూటీ మార్పు. మేనేజ్‌మెంట్‌ను అడిగితే క్యాంపు ఆస్పత్రి వాళ్లదంటారు, ఆస్పత్రిని అడిగితే రిపోర్టు పంపేశామంటారు. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టర్లో సంతకాలు సరిచూసుకుని వెళ్లిపోయారు. ఒక మనిషి కన్ను పోయేదాకా వచ్చినా బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు!

రిపోర్టు ముందుగా కంపెనీ చేతికి వెళ్లడమే అసలు తప్పు. క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు కళ్లలో ఏదైనా తేలితే పని పోతుందనే భయంతో క్యాంపు రోజున సెలవు పెడుతున్నారు. వాళ్లకే ఈ పరీక్ష అందరికన్నా అవసరం. ఇక కాంట్రాక్టు కార్మికుల పేర్లయితే లిస్టులోనే ఉండవు, వాళ్లవి కళ్లు కావా? ఇంకో మాట, ఫొటో బాగుందంటే అన్నీ బాగున్నట్టు కాదు. గ్లాకోమా, అంటే నీటికాసులు, ఒక్క ఫొటోతో తేలిపోయే జబ్బు కాదు, కంటి ప్రెషర్ కూడా చూడాలి. ఇది క్యాంపులో ఎవరూ చెప్పరు.

మన రాష్ట్రానికి ఇదేమీ కొత్త కాదు. 2018లోనే ముఖ్యమంత్రి ఈ-ఐ కేంద్రాల పేరుతో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రెటీనా ఫొటోలు తీసి దూరాన ఉన్న డాక్టర్లకు పంపే ఏర్పాటు చేశారు. 2019 అక్టోబర్‌లో అనంతపురంలో కంటి వెలుగు అనే ఉచిత కంటి పరీక్షల పథకం మొదలుపెట్టారు. ప్రభుత్వం మారగానే పథకం పేరు మారుతుంది, ప్రారంభోత్సవం మళ్లీ జరుగుతుంది. జబ్బు తేలినవాళ్లలో ఎంతమందికి చికిత్స అందిందని మాత్రం ఏ అధికారీ చెప్పడు, మీ విలేకరులూ అడగరు. అడగాల్సిన బాధ్యత పత్రికకు లేదా?

2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కేంద్రం తెచ్చిన కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి, 40 దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలంటున్నారు. అందులో షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ రెటీనా ఫొటో తప్పనిసరి చేయాలి. కాంట్రాక్టు వాళ్లకు కూడా. రిపోర్టు తెలుగులో, నేరుగా కార్మికుడి ఫోన్‌కే రావాలి. ఫొటో సరిగ్గా రాకపోతే మళ్లీ ఎప్పుడు తీస్తారో, జబ్బు తేలితే ఏ ఆస్పత్రికి, ఏ తేదీన వెళ్లాలో అందులోనే రాయాలి, ఆ రోజుకు జీతంతో సెలవు ఇవ్వాలి. మీరు వార్త వేసిన క్యాంపులో ఫొటోలు తీయించుకున్న వాళ్లకు రిపోర్టులు అందాయో లేదో కనుక్కుని, అదే పేజీలో వేయమని కోరుతున్నాను.

– ఒక క్రేన్ ఆపరేటర్, గాజువాక